ఎడతెగని ప్రార్థన, తెగని వాదం

ఎడతెగక ప్రార్థించమని పౌలు థెస్సలొనీక సంఘానికి చెప్పిన మాటను (మొదటి పత్రిక, 5:17) కాదనే క్రైస్తవులు లేరు. ఆ మాటను రోజువారీ బతుకులో ఎలా పాటించాలన్న దగ్గరే పేచీ. కృష్ణా డెల్టాలో గుడివాడ, బందరు, దివిసీమల నడుమ ఈ పేచీ మరీ ముదిరింది. ఇక్కడ ఒకే ఊళ్లో సీఎస్‌ఐ గుడి, ఆర్‌సీఎం (కతోలిక) గుడి, సాల్వేషన్ ఆర్మీ హాలు, హెబ్రోను మందిరం, బైబిలు మిషను, నిన్నగాక మొన్న రేకుల షెడ్డులో మొదలైన పెంతెకొస్తు సంఘం కూతవేటు దూరంలో కనబడడం వింతేమీ కాదు. అత్తగారిది ఒక సంఘం, కోడలిది ఇంకొకటి. అత్తగారు పుస్తకం చూసి చదివే ప్రార్థన కోడలికి చప్పగా ఉంటుంది. కోడలు గొంతెత్తి పెట్టే మొర అత్తగారికి గోలగా ఉంటుంది. ఇద్దరూ తేల్చుకోవాలనుకునేది మాత్రం ఒకటే: ఏ ప్రార్థన మనిషిని విశ్వాసంలో ఎదగనిస్తుంది?

మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడడం వల్ల ఈ వాదం చిక్కుపడింది. ప్రార్థనకు వేళ ఉండాలా, రోజంతా సాగాలా అన్నది ఒకటి. రాసిపెట్టిన మాటలా, అప్పటికప్పుడు గుండెలోంచి వచ్చిన మాటలా అన్నది రెండు. ప్రార్థన వల్ల ఎదిగామని దేన్నిబట్టి చెప్పాలన్నది మూడు. మొదటి రెండింటి మీద ప్రసంగాలకు లోటు లేదు. మూడోది ఎప్పుడో తేలిపోయినట్టు అందరూ వదిలేస్తారు. నిజానికి తేలనిది అదే.

పాత చర్చి తేల్చినదెంత

లేఖనాల్లో రెండు దారులూ ఉన్నాయి. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. 119వ కీర్తన రాసినవాడు రోజుకు ఏడుసార్లు స్తుతించానన్నాడు. పేతురు, యోహాను ప్రార్థనవేళ చూసుకునే దేవాలయానికి వెళ్లారు. లూకా సువార్త 18వ అధ్యాయంలో అన్యాయపు న్యాయాధిపతిని విసిగించి న్యాయం రాబట్టుకున్న విధవరాలికి వేళాపాళా లేదు. మత్తయి 6వ అధ్యాయంలో మాటలు పెంచితే దేవుడు వింటాడనుకోవద్దన్న హెచ్చరిక ఉంది. ఎవరికి కావలసిన వచనం వారికి దొరుకుతుంది కాబట్టి వచనాలు విసురుకోవడంతో పని జరగదు.

తొలి శతాబ్దాల పెద్దలు ఈ చిక్కును గట్టిగానే పట్టుకున్నారు. డిడాకే అనే ప్రాచీన బోధగ్రంథం పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెయ్యమంది. మూడో శతాబ్దంలో ఓరిగెను, విశ్వాసి చేసే మంచి పనిని కూడా ప్రార్థనలో లెక్కకట్టాలన్నాడు. అలా కాకపోతే పౌలు ఆజ్ఞ మనిషికి సాధ్యమయ్యేది కాదని ఆయన వాదన. ఐదో శతాబ్దపు తొలినాళ్లలో అగస్టీను, ప్రోబా అనే విధవరాలికి రాసిన ఉత్తరంలో ఇంకో మెట్టు ఎక్కాడు. లోపలి కోరిక ఆగకపోతే ప్రార్థన ఆగనట్టే, వేళలూ మాటలూ ఆ కోరిక చల్లారకుండా ఎగదోసేందుకే అన్నాడు. వేళకూ నిరంతరానికీ మధ్య రాజీ కుదిర్చిన ఆలోచనల్లో ఇంతకంటే మేలైనది తర్వాత పదహారు వందల ఏళ్లలో పెద్దగా రాలేదు.

ఇదే కాలంలో సిరియా ప్రాంతంలో మెస్సాలియనులని ఒక పక్షం బయల్దేరింది. ప్రార్థన ఒక్కటే చాలు, చేతిపని అక్కర్లేదన్నారు. వారి బోధను 431లో ఎఫెసు సభ ఖండించింది. మన ఉజ్జీవ కూటాల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు గానీ, డెల్టాలో నడుస్తున్న వాదానికి ఇంతకంటే పనికొచ్చే పాత తీర్పు లేదు. పని మానుకుని చేసేదే అసలు ప్రార్థన అన్న మాటను ఆనాడే తోసిపుచ్చారు. తర్వాత బెనెడిక్టు మఠాలు రోజును పనికీ ప్రార్థనకీ పంచాయి. 1535లో లూథరు తన మంగలి పేతురు అడిగితే ప్రార్థన పద్ధతిపై చిన్న పుస్తకం రాసి, కత్తి మీద మంగలి పెట్టే దృష్టినే అందులో పాఠంగా చూపాడు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠపు వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్ వంటపాత్రల మధ్య ఉన్నా, బలిపీఠం ముందున్నా తనకు తేడా లేదన్నాడు. మంగలి, వంటవాడు: ఎడతెగని ప్రార్థన గురించి పాశ్చాత్య చర్చి చెప్పుకునే మంచి ఉదాహరణలు పనివాళ్లవే.

బందరు బడి, రాఘవాపురం పల్లె

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ బందరు వచ్చారు. ఫాక్స్ ఊరూరా తిరిగి ప్రసంగించేవాడు, 1848లోనే కన్నుమూశాడు. నోబుల్ 1843లో బడి పెట్టి 1865లో చనిపోయేదాకా దాన్నే అంటిపెట్టుకున్నాడు. అగ్రవర్ణాల పిల్లలను తెచ్చుకోవాలని ఆ బడిలో అంటరానివారిని చేర్చుకోలేదు. ఈ విషయంలో నోబుల్‌ను ఆనాటినుంచి ఈనాటిదాకా సమర్థించేవారూ ఉన్నారు, తప్పుపట్టేవారూ ఉన్నారు. 1852లో ఆ బడి పిల్లలు మంచాల రత్నం, అయినాల భూషణం బాప్తిస్మం తీసుకోవడంతో బందరు అట్టుడికింది, బడి ఖాళీ అయినంత పనైంది. వీరు అడుగుపెట్టిన ప్రార్థనాలోకం చదువుకున్నవారిది. ఉదయకాల ప్రార్థన, సాయంకాల ప్రార్థన, కీర్తనల పారాయణ క్రమం, ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం.

ఏడేళ్ల తర్వాత జరిగింది పూర్తిగా వేరు. రాఘవాపురం మాలపల్లిలో పాగోలు వెంకయ్య అనే పెద్ద ఉండేవాడు. దోపిడీ ముఠా నాయకుడని కూడా మిషను చరిత్రలు రాశాయి. విగ్రహాల్లో ఏమీ లేదని ఎవరో అన్న మాట పట్టుకుని ఆయన పూజలు మానేశాడు. ఆపైన ఏళ్ల తరబడి, పేరు తెలియని దేవుణ్ణి ఉద్దేశించి, నువ్వెవరివి, ఎక్కడున్నావు, నాకు కనబడమని రోజూ అడుగుతూ వచ్చాడట. చివరికి బెజవాడలో ఉన్న థామస్ యంగ్ డార్లింగ్ అనే మిషనరీ దగ్గరికి చేరి, 1859లో తనవారితో కలిసి బాప్తిస్మం పొందాడు. కృష్ణా మండలంలో పల్లెల కదలిక అక్కడ మొదలైందని ఆ చరిత్రలు లెక్కవేస్తాయి.

ఈ కథలో భక్తిపరమైన మెరుగులు పడి ఉండొచ్చు, మిషను నివేదికలకు ఆ అలవాటుంది. అది పక్కన పెట్టినా ఒక సంగతి మిగులుతుంది. వెంకయ్య ప్రార్థనకు పుస్తకం లేదు, గుడి లేదు, నేర్పిన గురువు లేడు, దేవుడి పేరు కూడా లేదు. ఉన్నది రోజూ అడగడం ఒక్కటే. విశ్వాసం ముందొచ్చి ప్రార్థన తర్వాత రావాలన్న వరస ఇక్కడ తలకిందులైంది. కృష్ణా డెల్టా క్రైస్తవుల్లో నూటికి ఎక్కువపాళ్లు బందరు బడి దారిన వచ్చినవారు కారు, రాఘవాపురం దారిన వచ్చినవారు. అయినా సంఘాల ప్రార్థనా క్రమాలు మాత్రం చాలాకాలం బందరు బడి తయారుచేసినవే.

ఈ రెంటినీ కలిపినవాడు పల్లె పంతులు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, పొద్దుగూకాక ఉపదేశిగా మారేవాడు. పొలం నుంచి కూలీలు తిరిగొచ్చాక గంట కొట్టేవాడు. చదువురానివారికి పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తర్వాత ఈ ప్రాంతపు మిషను సంఘాలు తన అధికారం కిందికి వచ్చినప్పుడు, ఈ పల్లె ఆరాధననే వెన్నెముకగా పెట్టుకున్నాడు. పాటలు దానికి తోడయ్యాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారు తెలుగు కీర్తన బాణీల్లో కట్టిన పాటలు తర్వాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలుగా అన్ని మిషనుల చేతుల్లోకీ వెళ్లాయి. క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, భాగవతుల కూచిపూడి పక్కపక్కనే ఉన్న సీమ ఇది. పదం, భజన, నామస్మరణ చెవికి అలవాటైన జనానికి పాటే ప్రార్థన పుస్తకమైంది. చదవనక్కర్లేదు, నాట్లు వేస్తూ కూడా పాడుకోవచ్చు.

ఈ సాయంత్రపు పద్ధతికి సిద్ధాంతకర్త ఎవరూ లేరు, దాని మీద పెద్ద గ్రంథమూ లేదు. కూలివాడి రోజుకు సరిపోయిన ప్రార్థనాక్రమం డెల్టాలో ఇప్పటిదాకా అదొక్కటే. బడీ గుడీ విడిపోయి, పంతులు వేరు, పాస్టరు వేరు అయ్యాక అది సన్నగిల్లింది. నేటి వాదాలన్నీ ఆ ఖాళీలో పుట్టినవే అంటే తప్పు కాదు.

ఎవరి పక్షం ఏమిటి

పుస్తకం పక్షం ఒకటి. సీఎస్‌ఐ, ఆర్‌సీఎం సంఘాల పెద్దతరం ఇందులోకి వస్తుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడ్డాక ఆంగ్లికన్ క్రమంలోకి ఇతర సంప్రదాయాలు కూడా చేరి 1963లో ఉమ్మడి ఆరాధన గ్రంథం వచ్చింది. కతోలికులకు జపమాల, ఉదయం మధ్యాహ్నం సాయంత్రం త్రికాల జపం ఉన్నాయి. 1924లో ఫాదర్ అర్లాటి గుణదల కొండ మీద మరియమ్మ స్వరూపాన్ని ప్రతిష్ఠించిన దగ్గర్నుంచి డెల్టా పల్లెల ఫిబ్రవరి ప్రయాణం కూడా ఈ క్రమంలో భాగమైంది. వీరి వాదన ఇది: మనసు బాగున్నప్పుడే ప్రార్థించేవాడు మనసు బాగులేనప్పుడు మానేస్తాడు, రాసిపెట్టిన మాట ఆ రోజు కూడా నిలబెడుతుంది. దీనికి ఎదురుపక్షం చెప్పేదీ కొట్టిపారెయ్యలేనిదే. పూస తర్వాత పూస దొర్లుతుంటే మనసు పుల్లేటి కాలువ గట్టున ఉండొచ్చు.

సన్నిధి పక్షం రెండోది. లూథరన్ సంఘంలో ఉన్న ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ప్రారంభించారు. గుంటూరు దగ్గర కాకాని దాని ముఖ్య స్థలమైంది. 1960లో ఆయన కన్నుమూసేనాటికి ఆయన బోధ డెల్టా అంతటా పాకింది. ఇక్కడ అడగడం కంటే కనిపెట్టడం ముఖ్యం. మనసు నిదానం చేసుకుని, మౌనంగా సన్నిధిలో కూర్చుని, సందేహాన్ని నేరుగా ప్రభువునే అడగాలి. మిషనరీలు నేర్పనిది ఒక తెలుగు సంఘం సొంతంగా ఇచ్చింది ఏదైనా ఉందంటే, ఈ మౌనాన్నే ముందు చెప్పాలి. అయితే సన్నిధిలో తెలిసిందన్న మాటను పరీక్షించేదెవరన్న ప్రశ్నకు ఆ పక్షం నుంచి గట్టి జవాబు రాలేదు.

విశ్వాస ప్రార్థన పక్షం మూడోది. దీని వేరు చాలా దూరం పోతుంది. ఏ మనిషినీ చందా అడక్కుండా, దేవుణ్ణే అడిగి బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లరుకు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ బావమరిది. ఆ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను కట్టారు. వందేళ్ల తర్వాత హెబ్రోను సంఘాల స్థాపకుడు భక్తసింగ్ (1903–2000) అదే నియమాన్ని ఇంకా విస్తారంగా ఆచరించి చూపారు. జీతం లేదు, అభ్యర్థన లేదు, ప్రతి నిర్ణయానికీ మోకాళ్ల మీద జవాబు రావాలి. రాత్రంతా ప్రార్థన హెబ్రోను సంఘాల గుర్తయింది. ఈ పక్షం విశ్వాసులకు గొప్ప నిబ్బరం ఇచ్చింది. దానితోపాటే, జవాబు రానివాడి విశ్వాసంలో ఏదో లోపం ఉందన్న అనుమానాన్నీ మిగిల్చింది.

పోరాట ప్రార్థన ఇప్పుడు ఎక్కువ వినబడే పక్షం. కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ లాంటి పెంతెకొస్తు సేవకులు విజయవాడ నుంచి వేసిన బాట ఇప్పుడు వందల స్వతంత్ర సంఘాలకు దారి. శుక్రవారపు ఉపవాస ప్రార్థన, నలభై రోజుల కూటాలు, గొలుసు ప్రార్థన, అన్యభాషలు. రోగం, అప్పు, తాగుడు, పెళ్లి సంబంధం అన్నీ ఈ పోరాటంలోకి వస్తాయి. పాత సంఘాలు దీన్ని ఆవేశం అని తీసిపారేస్తాయి గానీ, తాగుబోతు భర్తతో వేగుతున్న ఆడమనిషి ఆదివారం ఎనిమిదిన్నర ఆరాధనలో నోరెత్తి ఏడవడానికి చోటు లేదన్న సంగతి అవి ఒప్పుకోవాలి. ఇక్కడ ఆ చోటు ఉంది.

ఈ నాలుగింట్లో ఇమడనివారూ ఉన్నారు. దివిసీమకు అవనిగడ్డ, ఎగువన వుయ్యూరు స్థావరాలుగా కెనడా బాప్టిస్టులు వాక్యపఠనాన్ని, ఇంటి ప్రార్థనను జతచేసి నేర్పారు. సాల్వేషన్ ఆర్మీ 1882లో ఫ్రెడరిక్ టకర్‌తో బొంబాయిలో దిగి, తర్వాత ఈ వైపు పాకి, గుడివాడ పేరుమీదే ఒక డివిజన్ నడుపుతోంది. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు పాటించని సంఘం కాబట్టి, వారికి పశ్చాత్తాప బల్ల దగ్గర మోకరించడమే పెద్ద ఘట్టం. ఆదివారం పొద్దున్నే జరిగే ప్రార్థనను సైనికభాషలో నీ డ్రిల్ అంటారు, అంటే మోకాళ్ల కవాతు.

పక్కపక్కన పెడితే తేడా ఇలా కనబడుతుంది. పుస్తకం పక్షానికి భయం మరుపు గురించి, సన్నిధి పక్షానికి భయం గోల గురించి, విశ్వాస పక్షానికి భయం మనుషుల మీద ఆధారపడడం గురించి, పోరాట పక్షానికి భయం చల్లారిపోవడం గురించి. ఒకరి మందు ఇంకొకరికి రోగంలా కనబడడం అందుకే.

కూలి వేళలు, ఇంటి ప్రార్థన

ఈ పక్షాలు నాలుగూ ఒకచోట కలుస్తాయి: తెల్లవారుజాము. నాలుగింటికి లేచి ప్రార్థించమని అందరూ చెబుతారు. చెప్పేవారిలో ఎక్కువమంది మగవారు, నెల జీతమో కానుకో ఉన్నవారు. వినేవారిలో ఎక్కువమంది ఆడవారు. ఊడ్పుల కాలంలో ముఠా ఆటో ఎక్కాల్సిన మనిషి నాలుగింటికి లేచేది అన్నం వండి క్యారేజీ కట్టుకోవడానికి. బందరులో రోల్డ్‌గోల్డ్ గొలుసులకు రాళ్లు అతికే అమ్మాయికి ముక్కకింత అని కూలి. పెడనలో కలంకారీ అచ్చు అద్దేవారికి రంగు ఆరేలోపు చెయ్యి ఆగకూడదు. చేపల చెరువు కాపలావాడికి రాత్రి పగలు, పగలు రాత్రి. వీరికి ఒక గంట ఏకాంతం దొరకదు. ఏకాంతం దొరకనివారు ఎదగరని చెప్పే బోధ సువార్త కాదు, సెలవులున్నవారి సౌకర్యం.

వీరి ప్రార్థన ఎలా సాగుతుందో చూడాలంటే రాత్రి కుటుంబ ప్రార్థన చూడాలి. ఎనిమిదిన్నర దాటుతుంది, టీవీ కట్టేస్తారు, లేదా గొంతు తగ్గిస్తారు. చాప పరుస్తారు. ఒక పాట, తెలిసిన రెండు చరణాలే. బడికెళ్లే పిల్లో పిల్లాడో వాక్యం చదవాలి, పాత తెలుగు బైబిల్లో క్రియల దగ్గర తడబడతారు, మామ్మ అందిస్తుంది. ఆమెకు చదువు రాదు, అధ్యాయం నోటికి వచ్చు. ప్రార్థన ఆమెదే. స్తోత్రం చెప్పి, పేర్లు మొదలుపెడుతుంది. కువైట్‌లో ఉన్న కూతురు, దాని పిల్లలు, పరీక్ష రాసే మనవడు, గుడివాడ ఆసుపత్రిలో ఉన్న పక్కింటి ఆయన, పాస్టరుగారి కుటుంబం, కాలవలో నీళ్లు, వడ్డీకిచ్చినాయన మనసు కరగడం. చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన. పదిహేను నిమిషాలు, ఎక్కువైతే ఇరవై. ప్రార్థనాపరురాలు అని పల్లెలో పేరు తెచ్చుకున్న ఆడవారిలో చాలామందికి ఏ వేదాంత పక్షమూ లేదు. పక్షాలన్నిట్లోంచీ కావలసింది తీసుకుంటారు: పాట ఒకరిది, ఉపవాసం ఒకరిది, గుణదల మొక్కు ఒకరిది.

2020 లాక్‌డౌన్ తర్వాత ఈ పదిహేను నిమిషాలకు పోటీ వచ్చింది. తెల్లవారుజాము కాన్ఫరెన్స్ కాల్, యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారం, వాట్సాప్‌లో ప్రార్థన మనవులు. మంచం మీద ఉన్నవారికీ, పరదేశంలో ఉన్నవారికీ ఇది మేలు చేసింది, అందులో సందేహం లేదు. కానీ ఫోన్ ప్రార్థనలో మాట్లాడేది ఒక్కరు, మిగతావారికి మ్యూట్. మామ్మ నోరు మూయించి సెలబ్రిటీ సేవకుడి గొంతు పెట్టుకున్న ఇంట్లో పిల్లలు ప్రార్థన వింటారు, చెయ్యడం నేర్చుకోరు. ఈ నష్టం మీద సంఘాలు ఇంకా కళ్లు తెరవలేదు.

ఎదుగుదలకు కొలత ఏది

ప్రార్థన బలానికి తెలుగు సంఘాలు చెప్పుకునే పెద్ద సాక్ష్యం ఒంగోలుది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు, నెల్లూరు జూలియా, ఇంకొందరు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నడుమ ఇరవై నాలుగేళ్లలో ఏం జరిగిందో కూటాల్లో చెప్పరు. 1866లో జాన్ క్లఫ్ అనే మిషనరీ ఒంగోలు వచ్చాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తన బంధుకూటమిలో కాలినడకన తిరిగాడు. 1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో గుత్తపని తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ప్రార్థన ఈ పనులన్నిటికీ ఊపిరి పోసిందని విశ్వాసి అంటాడు. కులబంధాలు, కరువు, కూలి చాలు కారణాలకు అని చరిత్రకారుడు అంటాడు. ఒక సంఘటనను చూపి రెండోవాణ్ణి మొదటివాడు ఒప్పించలేడు. ఒప్పించాలన్న పట్టుదలే అనవసరం.

పరిశీలకులు చెప్పినవి ఇంకొంచెం నేల మీద ఉన్నాయి. 1933లో వాస్కం పికెట్ భారతదేశంలో సామూహిక క్రైస్తవ ఉద్యమాల మీద ప్రచురించిన అధ్యయనం, జనం ఎందుకు చేరారన్న దానికంటే చేరాక దొరికిన ఆరాధన, బోధ, కాపుదల ఎలాంటివన్నది ముఖ్యమని తేల్చింది. 1968లో పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ వైపు పల్లె సంఘాలను చూసి రాసిన పుస్తకంలో, గుడికి వచ్చేవారు ఊరి జాతరలతోనూ తెగిపోలేదని కనబడింది. కార్మన్, చిల్కూరి వసంతరావు 2014లో అదే ప్రాంతపు యాభై ఏళ్ల మార్పును మళ్లీ లెక్కగట్టారు. పాత మిషను సంఘాలు కొన్నిచోట్ల నీరసించడం, స్వతంత్ర సంఘాలు పుంజుకోవడం అందులో ఉంది. తెలంగాణ పల్లెలకు వర్తించినదంతా కృష్ణా డెల్టాకు అతకదు. అయినా పికెట్ మాట ఇక్కడికీ సరిపోతుంది: ప్రార్థన ఎంతసేపన్నది కాదు, దాని చుట్టూ ఏ సహవాసం, ఏ బోధ ఉన్నాయన్నదే తేడా తెస్తుంది.

జవాబు దొరికితే బలమైన ప్రార్థన, దొరక్కపోతే బలహీనమైనది అన్న కొలత ఉంది. ఈ నేల మీద అది నిలవదు. 1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు చుట్టుపక్కల ముప్పై వేలమంది పోయారని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. నీళ్లు ప్రార్థనాపరులను వదిలి మిగతావారిని ఎంచుకోలేదు. ప్రార్థనలో లోపం వల్లే రోగం తగ్గలేదని, మందు మింగితే విశ్వాసం లేనట్టని చెప్పే నోళ్లు నాగాయలంక, కోడూరు పల్లెల్లో ఆ మాట అనడానికి జంకాలి. 88వ కీర్తన చివరిదాకా చీకట్లోనే ఉంటుంది. బైబిలు అలాంటి ప్రార్థనను కూడా ప్రార్థనే అని దాచిపెట్టుకుంది.

మరి కొలత లేదా? ఉందనే నా ఉద్దేశం. అది గంటల్లోనూ జవాబుల్లోనూ లేదు, పేర్లలో ఉంది. మామ్మ చదివే పేర్ల వరస ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్తోందో చూడాలి. తన పిల్లలతో మొదలవడం సహజం. వడ్డీకిచ్చినాయన మనసు కరగాలన్నంతవరకూ అది అవసరం. వడ్డీకిచ్చినాయన బిడ్డ రోగం తగ్గాలన్న దాకా వెళ్తే అది ఇంకో సంగతి. శత్రువుల కోసం ప్రార్థించమన్న కొండమీది ప్రసంగపు ఆజ్ఞకు (మత్తయి 5:44) పుస్తకం, సన్నిధి, విశ్వాసం, పోరాటం అన్న నాలుగు పక్షాల్లో ఏదీ ఎదురు చెప్పదు. చెప్పదు గానీ, తన కొలతగా కూడా పెట్టుకోదు.

ఈ కొలత మన సంఘాలకు చేదుగా ఉంటుంది. మాలలు ఎక్కువగా ఒక మిషను వైపు, మాదిగలు ఎక్కువగా ఇంకో మిషను వైపు వెళ్లడం తెలుగు నేలంతటా తెలిసిందే. రెండు పేటల్లోనూ రాత్రంతా ప్రార్థనలు జరుగుతాయి. పక్క పేటవారి పేర్లు ఎన్ని ప్రార్థనల్లో పలుకుతున్నాయి? నోబుల్ బడి గుమ్మం దగ్గర మొదలైన ప్రశ్న ఇది. గుమ్మాలు మారాయి, ప్రశ్న మారలేదు.

ఇంకా తేలనివి

వేళ కావాలా, నిరంతరం కావాలా అన్నది చాలావరకు తేలినట్టే, అగస్టీను మాటను దాటి వెళ్లాల్సిన పనిలేదు. పుస్తకమా, సొంత మాటలా అన్నది రుచుల తేడాగా మిగిలిపోవచ్చు, ఇంట్లో రెండూ ఉంటే పిల్లలకు మేలే. ఉపవాసం మీద మాత్రం సంఘాలు వైద్యులతో కూర్చుని మాట్లాడాలి. షుగరు ఉన్నవారూ గర్భిణులూ నలభై రోజుల ఉపవాసాలకు పేరిస్తుంటే వద్దని చెప్పే బాధ్యత కాపరిదే. సన్నిధిలో తెలిసింది, దర్శనంలో కనబడింది అన్న మాటలను ఎవరు పరీక్షించాలన్నది పూర్తిగా తేలలేదు. ఒక్క మనిషి చేతిలో నడిచే స్వతంత్ర సంఘాల్లో ఇది డబ్బు వ్యవహారాల దాకా పోతోంది. నామస్మరణకూ, తూర్పు చర్చి క్రైస్తవులు యేసు నామాన్ని ఊపిరితో కలిపి చేసే జపానికీ ఉన్న పోలిక గురించి తెలుగు వేదాంత కళాశాలలు ఇంకా లోతుగా చెప్పాల్సి ఉంది. ఆ సంభాషణకు కూచిపూడి, మొవ్వల సీమకంటే తగిన చోటు దొరకదు.

గుడివాడ చుట్టుపక్కల సంఘ పెద్దలకు ఒక మనవి. వచ్చే ఊడ్పుల కాలానికి ముందు మీ సంఘంలో కూలికెళ్లే ఆడవారిని కూర్చోబెట్టి, సామూహిక ప్రార్థన ఏ వేళకు పెడితే వారికి కుదురుతుందో అడగండి. చెప్పిన వేళకే గంట కొట్టండి. ఆ ప్రార్థనలో పక్క పేట సంఘం పేరు, దాని కాపరి పేరు చదవండి. వారికి ఆ కబురు కూడా పంపండి.